కాల్వ బ్రిడ్జి మీద హాఫ్ క్లచ్

వనితకు ట్రాక్టర్ నడపడం వచ్చు. ఆ రావడమే ఆమె కొంప ముంచింది.

ట్రాక్టర్‌తో దమ్ము చేసేటప్పుడు గేరు ఒకసారి వేస్తే మడి అయిపోయేదాకా దాని జోలికి పోయే పని లేదు. మార్చాల్సి వస్తే బండి నిలబెట్టి, గేరు వేసి, మళ్లీ కదలాలి. కాబట్టి కోదాడలో గోపాల్ సారు డ్రైవింగ్ స్కూల్ కారెక్కిన మొదటి రోజు వనిత ఫస్ట్ గేరులో పది గజాలు పోయి, రోడ్డు నడిమధ్యలో బ్రేకు తొక్కి నిలబడింది. వెనక బస్సు వాడు కొట్టిన హారన్‌కు టీ కొట్టు దగ్గరి జనమంతా ఇటు తిరిగారు.

"ఆపావేంటమ్మా?" గోపాల్ సారు డాష్‌బోర్డు పట్టుకొని అడిగాడు.

"సెకండ్ గేరు ఎయ్యాలె గద సార్."

"బండి నడుస్తుండగానే వెయ్యాలమ్మా!"

"నడ్సే మిషన్ల చెయ్యి పెడ్తరా సార్ ఎవరన్న?"

గోపాల్ సారు పదిహేనేళ్లుగా డ్రైవింగ్ నేర్పుతున్నాడు. ఈ ప్రశ్న మాత్రం ఆయన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ముప్పై రెండేళ్ల వయసులో వనితకు ఈ తిప్పలెందుకంటే, అంతా ఆ బ్రిడ్జి వల్ల. అనంతగిరి పక్కన వాళ్ల తండాలో నాట్లు వేసే ఆడవాళ్ల గుంపు ఒకటుంది, వనితతో కలిపి తొమ్మిది మంది. గుంపుకు పెద్ద వనిత అత్త లక్ష్మీబాయి. రైతుతో మాట్లాడేది ఆమె, ఎవరు ఏ మడిలో దిగాలో చెప్పేది ఆమె, నాటు వంకర పోతే తాతముత్తాతల దాకా తిట్టేదీ ఆమే. హుజూర్‌నగర్ వైపు పొలాలకు వాళ్లను తీసుకుపోయేది తండాలోనే ఉండే వీరేందర్ ట్రాలీ ఆటో. వీరేందర్‌కు మిర్యాలగూడ మిల్లులకు వడ్ల లోడు దొరికిందా, ఆ రోజు మనుషుల లోడు గుర్తుండదు. తెల్లవారి అయిదింటికి రోడ్డెక్కిన ఆడవాళ్లు తొమ్మిదింటిదాకా అక్కడే నిలబడేవాళ్లు. ఈలోగా రైతు వేరే గుంపును పిలిపించుకునేవాడు.

వచ్చినా సుఖం లేదు. దారిలో సాగర్ కాల్వ మీద ఒక బ్రిడ్జి ఉంది. నిటారుగా ఉంటుంది, సన్నగా ఉంటుంది. మనుషులతో ఆటో దాన్ని ఎక్కలేదు. అందుకని అందరూ ఇవతల దిగి, సద్ది గిన్నెలు చంకన పెట్టుకొని నడిచి, అవతల మళ్లీ ఎక్కేవాళ్లు. ఇరవై ఏళ్లుగా ఇదే తంతు. నడిచిన దానికి కూడా కిరాయి తీసుకునే మొనగాడు వీరేందర్.

చివరికి విసుగెత్తి, ఆడవాళ్లంతా కలిసి ఒక పాత జీపు కొన్నారు. నడిపేదెవరు? వనిత చెయ్యెత్తింది. లక్ష్మీబాయి కోడలిని కింది నుంచి పైదాకా చూసింది.

"ఆ బ్రిడ్జి నడ్మల ఎదురుంగ గొర్లమంద వస్తే ఆగాలె. ఆగి, ఎన్కకు జారకుండ మల్ల ఎక్కియ్యాలె. గట్ల ఎక్కిచ్చినవనుకో, నీ బండి మేమెక్కుతం. జారిందా, జీపు అమ్ముడే. వీరేందర్ కాళ్లే మొక్కుదం."

వనిత సరేనంది. ఎంత పొగరుగా అందంటే, ఆ రాత్రి తనకే నవ్వొచ్చింది.

నేర్చుకోవడం మొదలుపెట్టాక నవ్వు తగ్గింది. వరికోత మిషన్ మీద పనికి పోయిన ఆమె భర్త చంద్రు ఫోనులో సలహా ఇచ్చాడు. "బైకు లెక్కనే. క్లచ్ ఒత్తు, గేరెయ్యి, మెల్లగ ఇడువు." బైకు మీద క్లచ్ చేతిలో ఉంటుంది, గేరు కాలి కింద ఉంటుంది. కారులో క్లచ్ కాలి కింద, గేరు చేతిలో. ఎవడో పని లేనివాడు కావాలనే తారుమారు చేశాడని వనిత నమ్మకం. రొట్టెలు చేస్తూ ఎడమ కాలు నేలకు అదిమి, మెల్లమెల్లగా లేపడం అలవాటు చేసుకుంది. అది చూసి లక్ష్మీబాయి, "కాలికి తిమ్మిరెక్కిందా?" అని అడిగి, కొబ్బరినూనె తెచ్చి ఇచ్చింది.

మూడో వారంలో గోపాల్ సారు కారును కాల్వ బ్రిడ్జి మీదికి తీసుకుపోయాడు. వనిత నడుమ ఆపింది. మళ్లీ కదిలించింది. కారు వెన్నలా ఎక్కేసింది! మరోసారి ఆపింది, మరోసారి ఎక్కేసింది. వనిత కాళ్లు నేల మీద ఆనలేదు. చంద్రుకు చెప్పింది, తోటికోడలు శోభకు చెప్పింది, గొర్రెలు కాసే బీరన్నను ఆపి మరీ చెప్పింది. తండాలో మేకలకు తప్ప అందరికీ తెలిసిపోయింది.

ఆ తర్వాత నాలుగో రోజు అదే బ్రిడ్జి మీద గోపాల్ సారు జేబులో ఫోను మోగింది. తీయడానికి నడుమెత్తాడు, దానితోపాటు కాళ్లూ ఎత్తాడు. కారు ఒక్క కుదుపుతో ఆగిపోయి, వెనక్కి జారసాగింది. ఆయన ఫోను వదిలేసి ధడేలున దేన్నో తొక్కాడు. కారు ఆగింది. వనిత వంగి చూసింది. ఆయన కాళ్ల కింద కూడా పెడళ్లున్నాయి.

"సార్, మీ కాడ గూడ క్లచ్ ఉన్నదా?"

"ఉంటుందమ్మా. లేకపోతే ఈపాటికి నేను దండేసిన ఫొటోలో ఉండేవాణ్ణి."

"అయితే మొన్న బ్రిడ్జి ఎక్కిచ్చింది నేను కాదా?"

గోపాల్ సారు అబద్ధమాడే మనిషి కాదు. "చెరి సగం" అన్నాడు.

వనితకు ఏడుపొచ్చింది. ఏడుపు వెనకే కోపం వచ్చింది. బీరన్నకు ఏం మొహం చూపించాలి? "సార్, రేపటి సంది మీరు కాళ్లు పైన పెట్టుకొని సక్లంముక్లం కూసోండ్రి" అంది. పాపం, ఆయన చెప్పులు విప్పి, సీటు మీద బాసింపట్టు వేసుకొని, దేవుడి పటంలా కూర్చున్నాడు. పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి.

అలా పది రోజులు. ఇంజిన్ ఆగింది, కారు జారింది, హ్యాండ్ బ్రేకు లాగీ లాగీ వనిత అరచెయ్యి బొబ్బలెక్కింది. పదకొండో రోజు ఆమెకు ఒకటి తట్టింది. బురదలో ట్రాక్టర్ దిగబడే ముందు ఇంజిన్ గొంతు మారుతుంది, లోపలెవరో మూలిగినట్టు. ఆ మూలుగు విని రేసు పెంచితే బండి గట్టెక్కుతుంది. కారులోనూ క్లచ్ సగం లేచేసరికి అదే మూలుగు వినబడింది. ముందుభాగం కాస్త పైకి లేచింది. అప్పుడు హ్యాండ్ బ్రేకు వదిలింది. కారు ఎటూ జారకుండా నిలబడింది. గోపాల్ సారు కళ్లు తెరిచి, "అదీ!" అన్నాడు. కాళ్లు మాత్రం దించలేదు.

సూర్యాపేటలో లైసెన్సు వచ్చింది. నాట్లూ వచ్చాయి.

మొదటి రోజు తెల్లవారి జీపు బ్రిడ్జి దగ్గరికి వచ్చిందో లేదో, ఎవరూ చెప్పకుండానే వెనక ఏడుగురూ దిగిపోయారు. ముందు సీట్లో లక్ష్మీబాయి ఒక్కతే కదలలేదు. వనిత నడుమదాకా ఎక్కించి, ఆపి, హ్యాండ్ బ్రేకు లాగింది. లక్ష్మీబాయి కొంగుముడి విప్పి ఒక నిమ్మకాయ తీసింది. కొత్త బండికి పూజ చేస్తే నిమ్మకాయలు టైర్ల కింద పెట్టి తొక్కిస్తారు. లక్ష్మీబాయి లెక్క వేరు.

"శోభా, ఇది ఎన్క టైరుకు బెత్తెడు దూరంల పెట్టు. దొర్లిపోకుండ రాయి అడ్డం పెట్టు. ఇది నల్గిందంటే జీపు ఖతం."

శోభ పెట్టి పక్కకు తప్పుకుంది. వనిత క్లచ్ వదిలింది. ఇంజిన్ గుడుక్కుమని ఆగిపోయింది. ఆడవాళ్లంతా "అయ్యో" అన్నారు. హ్యాండ్ బ్రేకు ఇంకా దించలేదు కాబట్టి నిమ్మకాయ బతికింది.

అప్పుడే వెనక హారన్ మోగింది. వీరేందర్. వడ్ల లోడు ఎత్తడానికి ఖాళీగా పోతూ, బ్రిడ్జి మొదట్లో ఆటో ఆపి, హారన్ మీద హారన్ కొట్టి, ఆఖరికి దిగి నడిచొచ్చాడు. జీపు అద్దం దగ్గర తల పెట్టి నవ్వాడు.

"దిగు వదినె, నేనెక్కిస్త. మీకెందుకీ పరేషాన్? పెద్దమ్మా, జర నువ్వన్న చెప్పు."

లక్ష్మీబాయి రోడ్డు కేసి చూస్తూ కూర్చుంది. వనితకు భయమేసింది. దిగితే ఈ సీటు మళ్లీ తనది కాదు, గుంపు మళ్లీ రోడ్డు మీద నిలబడుతుంది. వీరేందర్ చెయ్యి అప్పుడే తలుపు గొళ్లెం మీద పడింది. అది చూడగానే భయం ఎటు పోయిందో పోయింది.

"వీరేందర్, ముందు పోయి నీ ఇంజన్ బంద్ చెయ్. దాని లొల్లికి నాది నాకు ఇనవడ్తలేదు."

ఆ గొంతుకు వీరేందర్ పోయాడు, బంద్ చేశాడు కూడా. బ్రిడ్జి మీద కాల్వ నీళ్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వనిత జీపు స్టార్ట్ చేసి, ఎడమ కాలు వెంట్రుకవాసి వెంట్రుకవాసి లేపింది. ఇంజిన్ మూలిగింది. జీపు ముక్కు లేచింది. హ్యాండ్ బ్రేకు దించింది.

జీపు నిలబడింది. ముందుకూ లేదు, వెనక్కూ లేదు, గాలిలో వేలాడినట్టు నిలబడింది. వెంటనే పోవచ్చు. కానీ వనితకు పోబుద్ధి కాలేదు, ఆ సంబరం అలాంటిది. మూడు లెక్కపెట్టి, అప్పుడు కొంచెం రేసిచ్చింది. జీపు మెల్లగా పైకి కదిలింది. వెనక నుంచి శోభ నిమ్మకాయ ఎత్తి పట్టుకొని, "నల్గలే! నల్గలే!" అని కేకలు పెట్టింది.

"ఆపు" అంది లక్ష్మీబాయి.

"ఎందుకత్తా? జారలే గద!"

"ఆపుమన్న గద."

ఇంకా ఎత్తు ఎక్కుతూనే ఉన్నారు. వనిత ఆపి, హ్యాండ్ బ్రేకు లాగింది. లక్ష్మీబాయి కిటికీలోంచి తల బయటపెట్టి, ఊరంతా వినబడేలా అరిచింది.

"ఏందే, నడుస్తున్నరు? ఈడనే ఎక్కుండ్రి! అవుతల కాదు, ఈడనే!"

ఏడుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత గిన్నెలు గలగలలాడిస్తూ పరుగెత్తుకొచ్చి, ఒకరి ఒళ్లో ఒకరు కూర్చున్నారు. నిండు బండి. వనిత క్లచ్ లేపింది. ఎనిమిది మంది ఊపిరి బిగబట్టారు. జీపు గట్టిగా ఒకసారి మూలిగి, వెనక్కి వేలెడు కూడా పోకుండా, బ్రిడ్జి నెత్తికెక్కింది.

ఆడవాళ్ల అరుపులకు కాల్వ గట్టు మీది కొంగలు లేచిపోయాయి. లక్ష్మీబాయి అరవలేదు. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"ఇర్వై ఏండ్ల సంది ఈ బ్రిడ్జి దాటుతున్న. కూసొని దాటుడు ఇయ్యాల్నే."