ముందు ఫోటో, తర్వాత ఫోటో

సూరత్‌లో మగ్గాల బస్తీ మధ్య ఉన్న ఆ తెలుగు ప్రాథమిక బడికి సర్కారు ఏటా నిర్వహణ గ్రాంటు ఇచ్చేది. సుద్దముక్కలూ ఫినాయిలూ కొన్నాక మిగిలిందే ఎల్లవ్వ జీతం. గదులు ఊడ్చేదీ, మరుగుదొడ్లు కడిగేదీ ఆమే. కరోనా వచ్చి పిల్లల్ని ఇళ్లకు పంపేసి ఏడాది దాటినా ఆమె తన చీపురుకు సెలవివ్వలేదు.

"పోరగాండ్లు రేపొస్తరో ఎల్లుండొస్తరో. వాళ్లొచ్చే యాల్లకు బడి బూజు పట్టి ఉండాల్నా?" అనేది.

ఆమె పెనిమిటి మొండయ్య పనిచేసే సాంచాల కార్ఖానా, అంటే మరమగ్గాల షెడ్డు, మూతబడింది. ఇప్పుడు ఇద్దరి తిండికీ, గది కిరాయికీ ఆ గ్రాంటే దిక్కు.

సరిగ్గా అప్పుడే గ్రాంటుకు కొత్త నియమం పుట్టింది. శుభ్రం చేయకముందు ఒక ఫోటో, చేశాక ఒక ఫోటో పంపితేనే పారిశుద్ధ్యం డబ్బు ఇస్తారట. సర్కారుకు మనుషుల మీద నమ్మకం లేకపోయినా ఫోన్ల మీద దండిగా ఉంది. హెడ్‌టీచర్ పద్మారాణి పొద్దున్నే వచ్చి, ఎల్లవ్వ చెయ్యి పడకముందే మరుగుదొడ్డిని ఒక ఫోటో తీసింది. కడిగాక ఇంకొకటి తీసి రెండూ పంపింది.

పై ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. రెండు ఫోటోలకూ తేడా లేదు కనుక ఆ బడిలో శుభ్రం చేయాల్సిన అవసరమే కనబడటం లేదట. డబ్బు ఆపేశారు.

"రోజూ కడిగితే రోజూ తెల్లగనే ఉంటది గద టీచరమ్మా! గిదేం న్యాయం?"

పద్మారాణి చెడ్డ మనిషేం కాదు. పాఠం చెప్పకపోయినా తన జీతం ఒకటో తారీఖున ఠంచనుగా పడుతున్నందుకు లోలోపల సిగ్గుపడేది కూడా. అయితే ఆ సిగ్గు ఎల్లవ్వకు అన్నం పెట్టదు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది.

"ఎల్లవ్వా, ఒక్కపారి జర గలీజ్ చెయ్యరాదు? ఫోటో తీస్కుంట."

ఇన్నేళ్లుగా పిల్లలు చేసిన మురికిని తిట్టుకుంటూ కడిగిన మనిషి, ఇప్పుడు తన చేతులతో తానే మురికి చేయాలి! కూటి కోసం కోటి విద్యలంటారు, ఆ కోటిలో ఇదొకటి కాబోలు అనుకుంది. మోరీలోంచి బురద బకెట్‌తో తెచ్చి, ముఖం పక్కకు తిప్పుకుని గోడలకు కొట్టింది. ఫోటో అయ్యాక పగబట్టినట్టు తోమింది. బడిలో ఫినాయిలు అయిపోతే ఇంట్లోంచి సబ్బుపొడి తెచ్చి మరీ తోమింది.

ఈసారి ఆఫీసు మురిసిపోయింది. ఇంత మార్పు మరే బడీ చూపలేదట. దాన్ని ఆదర్శ శుభ్రతా పాఠశాలగా ఎంపిక చేసి, డబ్బు విడుదల చేసింది. వెంటే ఒక ఆదేశమూ పంపింది: రెండో ఫోటోను పెద్ద ఫ్లెక్సీగా కొట్టించి గేటుకు కట్టాలి, కట్టిన రోజు సాయంత్రం అధికారులు చూడటానికి వస్తారు. వచ్చిన డబ్బు కాస్తా ఆ ఫ్లెక్సీకే ఖర్చయింది.

ఫ్లెక్సీ కట్టే రోజు, ముసురు పట్టిన మధ్యాహ్నం, పద్మారాణి ఒక చేత్తో దాని కొస, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఎల్లవ్వను గేటు దగ్గరికి పిలిచింది.

"ఆ కొస పట్టుకో. జర పక్కకు నిల్సో ఎల్లవ్వా, ఫోటోల పడ్తవు."

ఎల్లవ్వ పట్టుకుంది. ఫ్లెక్సీలో ఆమె తోమిన మరుగుదొడ్డి నిలువెత్తున తళతళలాడుతోంది. దాని పక్కన పద్మారాణి బొమ్మ నవ్వుతోంది.

"నా జీతం ఎప్పుడిస్తరు టీచరమ్మా?"

"పైసలన్నీ దీనికే అయిపోయినయ్ ఎల్లవ్వా. వచ్చే గ్రాంటుల చూద్దాం."

ఎల్లవ్వ అవతలి కొసను కూడా పద్మారాణి చేతిలోంచి మెల్లగా తీసుకుని, ఫ్లెక్సీని చీరను మడిచినట్టు మడిచి చంకన పెట్టుకుంది.

"ఏంది ఎల్లవ్వా, సాబులొస్తున్రు! ఏడికి తీస్కపోతున్నవ్?"

"ఇంటికి. ఇది నా జీతమే గద. మా రేకులు కారుతున్నయి, పైన కప్పుకుంట. సాబులొస్తే ఆడికే తోల్కరాండ్రి, చూస్తరు."

వానలో ఆమె గేటు దాటి పోతుంటే పద్మారాణి ఆపడానికి రెండడుగులు వేసింది. ఫ్లెక్సీ లేని గేటు దగ్గరే ఆగిపోయింది.