లోవమ్మ పలువరస

బెండకాయ వేపుడు అడుగంటకుండా అట్లకాడతో తిప్పుతూ లోవమ్మ ఒకసారి వీధి వైపు చూసింది. కాంతమణి ఇంకా రాలేదు. బొడ్లో దోపుకున్న చుట్ట తీసి, స్టవ్వు మంట మీద ముట్టించి, ఒక దమ్ము లాగి, నిప్పున్న కొసను నోట్లోకి తిప్పి పెదాలు మూసింది. ఇప్పుడు రెండు చేతులూ పనికి ఖాళీ. ఒక చెయ్యి వేపుడు మీద, ఇంకో చెయ్యి పక్క పొయ్యి మీది పప్పు మీద. పొగ ముక్కులోంచి సన్నగా వస్తోంది. కాలని కొస మాత్రం వేలెడంత పెదాల మధ్య కనబడుతోంది.

మౌలాలి రైల్వే కాలనీ దాటాక మెయిన్ రోడ్డు మీద ఉంది ఆ కర్రీ పాయింటు. చుట్టుపక్కల అద్దె గదుల్లో సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు పెరిగినకొద్దీ లోవమ్మ పొయ్యి మీద గిన్నెలు పెరిగాయి. మెడలో కార్డులు వేలాడేసుకుని, ఫోన్లో మాట్లాడుతూనే వేలితో చూపించి, ప్యాకెట్లు కట్టించుకుని పోతారు. ఆమె పులుసు ఏళ్ళ తరబడి తింటున్నారు గాని, ఆమె గొంతు ఎలా ఉంటుందో వాళ్ళలో ఒక్కడికీ తెలియదు. కౌంటరు కాంతమణిది, వంటిల్లు లోవమ్మది. ఎప్పుడైనా ముందుకి రావలసివస్తే పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకునే వస్తుంది.

వాళ్ళ పూడిమడకలో ఈ అడ్డపొగ వింత కాదు. సముద్రపొడ్డున చేపలెండబెట్టే ఆడవాళ్ళందరూ అలాగే కాల్చేవారు. నిప్పు బయట ఉంటే గాలికి ఆరిపోతుంది. తడి చేతులతో మాటిమాటికీ ముట్టించుకోవడం కుదరదు. లోవమ్మ ఇంకా లంగా కట్టే వయసులోనే తల్లి తన నోట్లోది తీసి ఆమె నోట్లో పెట్టింది. మొదటి రోజు అంగిలి కాలి ఏడిచింది. పోనుపోనూ అక్కడ మొద్దుబారిపోయింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళందరి పళ్ళూ నల్లగానే ఉండేవి, అందరూ నోరారా నవ్వేవారు.

భర్త కన్నారావుకి రైల్వేలో గాంగ్‌మన్ ఉద్యోగం దొరికి మౌలాలి వచ్చాకే తన నోరెలా ఉందో ఆమెకి తెలిసింది. ఒక పొద్దున పంపు దగ్గర ఏదో మాటకి పకపకా నవ్వితే, నీళ్ళు పట్టుకుంటున్న ఆడవాళ్ళు బిందెలు నిండిపోతున్నా చూసుకోకుండా ఆమె నోటి వంకే చూశారు. అప్పటినుంచి కొంగు పైకి వచ్చింది. కన్నారావు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో అయినా తీసేసేది. అతను పోయాక ఇంట్లోనూ తియ్యడం మానేసింది. కొడుకు బాబ్జీ పెళ్ళి ఫొటోల్లో ఆమె మొహం సగమే ఉంది.

అది ఆమెకి పెద్ద బాధేం కాదు. బాధ మనవరాలితో మొదలయింది.

బాబ్జీ కూతురు తిరుమలకి ఏడేళ్ళు. పుట్టుచెవుడు. రెండు చెవులకీ మిషన్లు పెట్టినా పెద్ద పెద్ద చప్పుళ్ళు తప్ప అందవు. బోయినపల్లిలో అలాంటి పిల్లల బడికి వెళుతోంది. అక్కడ జ్ఞానమణి టీచరు పెదాల కదలిక చూసి మాట పట్టుకోవడం నేర్పుతోంది. తండ్రి మాట పట్టుకుంటుంది, తల్లి సుధ మాట పట్టుకుంటుంది. కాని బాబ్జీ రాత్రంతా కాల్ సెంటరు వాళ్ళని క్యాబ్‌లో తిప్పి పగలు పడుకుంటాడు. సుధ బేగంపేటలో బట్టల షాపు నుంచి పొద్దుపోయాక వస్తుంది. పిల్ల ఎక్కువసేపు ఉండేది మామ్మ దగ్గరే, ఆ మామ్మ మాట మాత్రం ఒక్కటీ తెలియదు. అన్నానికి, నీళ్ళకి, నిద్రకి చేతిసైగలే. సైగలు లేని మాటలు లోవమ్మలోనే ఉండిపోయాయి.

కిందటి నెల బడికి పిలిస్తే వెళ్ళింది. జ్ఞానమణి టీచరు ఆమె చేతిని మెల్లగా నోటి మీంచి కిందికి దించింది. పెదాలు కనబడితే చాలదనీ, పళ్ళ వెనక నాలుక ఎక్కడ తగులుతోందో పిల్ల చూడాలనీ, లేకపోతే మామ్మ పిలిచే తన పేరు కూడా పిల్లకి తెలియదనీ చెప్పింది. ఆ సాయంత్రం లోవమ్మ పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కొంగు తియ్యబోతే చెయ్యి రాలేదు. ఈ నలుపు చూసి జడుసుకుని, ఇక దగ్గరికి రాకపోతే?

తర్వాత కొన్నాళ్ళకి, ప్యాకెట్లు చుట్టే పాత పేపర్ల మధ్య ఒక రంగు కాగితం దొరికింది. జుట్టు ముగ్గుబుట్టలా నెరిసిన ఆలుమగలు. ఇద్దరి పళ్ళూ తళతళలాడుతున్నాయి. అంటే ముసలాళ్ళకీ చేస్తారన్నమాట. కాంతమణి చేత చదివించుకుంది. మెట్టుగూడలో పళ్ళ డాక్టరు.

కాంతమణి వచ్చే వేళకి చుట్ట ఆర్పి, నోరు పుక్కిలించి, గిన్నెల మీద మూతలు పెట్టింది. ముందే చెప్పి ఉంచింది కాబట్టి కాంతమణి ఏమీ అడగలేదు. సాయంత్రం గిరాకీ వేళకి రమ్మని మాత్రం అంది. మోండా మార్కెట్ నుంచి కూరగాయలు తెచ్చే బిక్షం తన ఆటోలోనే మెట్టుగూడ దాకా దింపుతానన్నాడు. దారిలో సంగతి విని అద్దంలోంచి వెనక్కి చూశాడు.

"గీ ఉమర్ల పండ్లు తెల్లగ చేపిచ్చుకుంటవా పెద్దమ్మా? ఎవరు చూస్తరు?"

అతను ఎగతాళికి అనలేదు. లోవమ్మ రోడ్డు వంక చూస్తూ కూర్చుంది.

డాక్టరు పేరు హదస్సా. ముప్పై ఏళ్ళుంటాయేమో, మెడలో సన్నటి గొలుసుకి చిన్న సిలువ. కుర్చీలో పడుకోబెట్టి, దీపం మొహం మీదికి దించి, కొంగు తియ్యమంది. తీసింది. హదస్సా మొహంలో జుగుప్స కోసం వెతికింది లోవమ్మ. కనబడలేదు.

"అమ్మా, ఒక మాట ముందే చెప్తాను. ఆ కాగితం మీద బొమ్మలా రావు. మందు పెడితే మరకలు కొంత తగ్గుతాయి. కానీ ఈ వయసుకి పంటి పైపొర అరిగిపోయి లోపలి పసుపు కనబడుతూ ఉంటుంది. చల్లటి నీళ్ళు తాగితే జివ్వున లాగుతాయి కూడా. ఇంత తిప్పలు మీకెందుకు చెప్పండి?"

"నా గుంటకి సెవులు ఇనపడవమ్మా," అంది లోవమ్మ. "నా నోట్లోకి సూసి మాట నేర్సుకోవాల. ఈ నోట్లోకి ఎలాగ సూస్తాది?"

హదస్సా స్టూలు దగ్గరికి లాక్కుంది. చేతితొడుగులు వేసుకుని చిన్న అద్దం నోట్లో పెట్టింది. కింది పళ్ళు చూసింది, పై పళ్ళు చూసింది. తర్వాత అద్దాన్ని ఇంకా పైకి తిప్పి అక్కడే ఆగిపోయింది. గాజుగుడ్డతో అంగిలి మీద అద్దింది. ఇక్కడ నొప్పి ఉందా అని అడిగింది. లేదంది లోవమ్మ. కొంచెం పక్కన ఒత్తి మళ్ళీ అడిగింది. లేదు. గుడ్డకి నెత్తురు అంటింది.

"అడ్డపొగా అమ్మా?"

ఆ మాట ఈ ఊళ్ళో ఇంకొకరి నోట వినడం లోవమ్మకి అదే మొదలు. హదస్సా విశాఖపట్నంలో చదువుకుందట. అక్కడి ఆసుపత్రిలో ఇలాంటి అంగిళ్ళు చూసిందట. కొడుకుని తీసుకురమ్మంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలంది. పరీక్ష దేనికో చెప్పలేదు. పూడిమడకలో ఇలాగే అంగిలి పుండుతో పోయిన పిన్ని చివరి రోజులు లోవమ్మకి గుర్తున్నాయి. చెప్పనక్కర్లేదు.

"అది తరవాత సూద్దారి," అంది. "ముందు పళ్ళు సెయ్యి తల్లీ."

తెల్లబరిచే మందు ఇప్పుడు పెట్టకూడదని హదస్సా చెప్పింది. కానీ నోరు శుభ్రం చెయ్యడం ఎలాగూ అవసరమే కదా అని, బయట ఉన్నవాళ్ళని కూర్చోమని చెప్పి, తనే స్టూలు మీద వంగి గీరడం మొదలుపెట్టింది. యాభై ఏళ్ళ పొగ పొరలు పొరలుగా ఊడి పళ్ళెంలో పడింది. లేచి అద్దంలో చూసుకుంటే తెలుపు కాదు. ముదిరిన మొక్కజొన్న గింజల రంగు. నలుపు మాత్రం లేదు. లోవమ్మ అద్దాన్ని చాలాసేపు వదల్లేదు.

బడి వ్యాను దిగి తిరుమల వచ్చేసరికి కిటికీ దగ్గర వెలుతురులో కూర్చుని ఉంది. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుంది. కొంగు లాగి బొడ్లో గట్టిగా దోపేసుకుంది.

పిల్ల బిత్తరపోయి చూసింది. పుట్టి బుద్ధెరిగాక మామ్మ కింది మొహం ఎప్పుడూ చూడలేదు. చేతిని చాచి ఒక వేలితో ఆమె పెదవిని తాకింది. లోవమ్మ మెల్లగా, టీచరు చెప్పినట్టు, నాలుక కనబడేలా అంది.

"తిరుమల."

పిల్ల కళ్ళు నోటి మీదే ఉన్నాయి. ఇంకోసారి అంది. మూడోసారి పిల్ల పెదాలు కూడా కదిలాయి. ఒక్కసారిగా తన గుండె మీద అరచేత్తో కొట్టుకుని, వంకరటింకర గొంతుతో, "తి-యు-మ" అంది.

చీకటి పడి నోరు కనబడకుండా పోయేంతవరకూ ఇద్దరూ అక్కడే ఉన్నారు. నీళ్ళు, పాలు, చిలక, సముద్రం. ఆ సాయంత్రం కర్రీ పాయింటులో పులుసు ఆలస్యమయింది. కాంతమణి కోప్పడబోయి, కొంగు లేని మొహం చూసి ఊరుకుంది.

విషయం తెలిసి బాబ్జీ మొదట విసుక్కున్నాడు. ఈ వయసులో పళ్ళ సోకేటని. అంగిలి ముక్క పరీక్ష కాగితం వచ్చిన రోజు, క్యాబ్ తాళాలు చేతిలో పట్టుకుని గుమ్మంలో కూర్చుండిపోయాడు. పెద్దాసుపత్రిలో ఆపరేషనుకి పిలుపు రావడానికి నెలపైన పట్టింది. ఆ నెల లోవమ్మ చుట్ట ముట్టలేదు, కొంగు ఎత్తలేదు. ఇన్నేళ్ళుగా దాచుకున్నవన్నీ చెప్పింది. చేపల వాసన ఎలా ఉంటుందో, తాత రైలు పట్టాల మీద ఎలా నడిచేవాడో, పిల్ల పుట్టినప్పుడు ఎంత ఉండేదో. సగం అర్థమయ్యేది, సగం కాదు. కానివి మళ్ళీ చెప్పేది.

ఆపరేషనులో అంగిలి తీసేశారు. దానితోపాటు ముందు పళ్ళూ పోయాయి.

ఇంటికి వచ్చాక ఆమె మాట ముక్కులోంచి గాలిలా వచ్చేది. ఏమంటోందో బాబ్జీకి తెలియలేదు. సుధ చెవి దగ్గర పెట్టి విన్నా తెలియలేదు. ఒకటి అడిగితే ఇంకొకటి తెచ్చేవారు. రెండు రోజులు చూసి లోవమ్మ అడగడమే మానేసి, కొంగు మళ్ళీ పైకి లాక్కుంది. తిరుమల వచ్చి మంచం మీద కూర్చుని ఆ కొంగు కిందికి లాగేసింది. లోవమ్మ తల తిప్పుకుంది. పిల్ల రెండు చేతులతో గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

లోవమ్మ ఏదో అంది. పిల్ల తండ్రి వైపు తిరిగి, "నీల్లు. వేడి నీల్లు," అంది.

గొంతు పాడైంది గాని పెదాలూ నాలుకా ఎప్పట్లాగే కదులుతున్నాయి. గొంతు ఎలాగూ ఎరగని పిల్లకి ఏమీ మారలేదు. అప్పటినుంచి మామ్మకి ఏం కావాలో ఇంట్లోవాళ్ళు తిరుమలని అడిగి తెలుసుకునేవారు. బాబ్జీ ఒకసారి వంటగదిలోకి వెళ్ళి, నీళ్ళ కుళాయి తిప్పుకుని ఏడిచాడు.

పుండు మానాక హదస్సా అంగిలి కన్నం మూసే పలక చేయిస్తానంది. దానికే ముందు పళ్ళు కూడా అమరుస్తారట. రంగు ఎంచుకోవడానికి ఒక డబ్బా తెచ్చింది. తెలుపు నుంచి పసుపు దాకా వరసగా చిన్న చిన్న పంటి నమూనాలు. ఈ వయసుకి చివరివే అతుకుతాయనీ, మరీ తెల్లవి పెడితే కట్టుడువని ఇట్టే తెలిసిపోతుందనీ చెప్పింది. లోవమ్మ డబ్బా అందుకుని తిరుమల చేతిలో పెట్టింది. పిల్ల ఒక్కొక్కటీ మామ్మ పెదాల దగ్గర పెట్టి చూసి, అన్నిటికన్నా తెల్లది తీసి ఇచ్చింది.

హదస్సా ఆ పంటిని అరచేతిలో పెట్టుకుని చూసింది. తర్వాత దాని నంబరే రాసుకుంది.

ఆ పలక పెట్టుకుంటే అన్నం దిగేది. మాట అంతగా బాగుపడలేదు. చలికాలం వెళ్ళేసరికి మెడ పక్కన గడ్డ లేచింది. ఆసుపత్రివాళ్ళు ఇక ఇంట్లోనే ఉంచుకోమన్నారు. లోవమ్మ మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుంది.

వానలు మొదలైన రోజుల్లో ఒక పొద్దున, బడి వ్యాను హారన్ కొట్టే వేళకి, తిరుమల సంచీ తగిలించుకుని మంచం దగ్గరికి వచ్చింది. లోవమ్మ ఏదో చెప్పింది. పిల్ల తలూపి వెళ్ళిపోయింది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన బాబ్జీ పక్కనే చాప మీద పడుకున్నాడు. మధ్యాహ్నం లేచి గంజి కలుపుకొస్తే తల్లి కళ్ళు మూసుకుని ఉంది. చెయ్యి చల్లబడిపోయింది.

అమ్మ చివరికి ఏం చెప్పిందని అతను ఆ సాయంత్రం కూతుర్ని అడిగాడు. రెండుసార్లు అడగవలసివచ్చింది, పెదాలు వణుకుతుంటే పిల్లకి అందలేదు.

"వాన ఒత్తాది, గొడుగు," అంది తిరుమల.

కర్మకాండ అయ్యాక సుధ అత్తగారి చీరలు మడిచి పెట్టింది. మందుసీసాలు పారేసింది. కిటికీ దగ్గరి గ్లాసు తియ్యబోతే పిల్ల వచ్చి అడ్డం నిలబడింది. సుధ చెయ్యి వెనక్కి తీసుకుంది. పొద్దున లేచి తిరుమల గ్లాసులో నీళ్ళు మార్చి, తుడిచి, మళ్ళీ ఉన్నచోటే పెట్టి బడికి వెళ్ళిపోతుంది. కిటికీ గట్టు మీద, నీళ్ళ అడుగున, చిన్న గులాబీరంగు పలక, దాని అంచున ఆరు తెల్లటి పళ్ళు.