సీలు తీయని సీసా

మా గైడుగారికి మేం పెట్టుకున్న పేరు పిడుగు. ఎప్పుడు ఎవరి నెత్తిన పడతారో తెలియదు. నాకంటే ముందు చేరిన అక్క ఒకసారి, "ఈ మందు పనిచెయ్యడం లేదేమో సార్" అని నోరు జారింది. ఆమె థీసిస్ మీద ఆయన సంతకం ఇక పడనే లేదు. ఇప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటోంది.

కణితి కణాలను చంపే ఆ మందు ఆయన కనిపెట్టిందే. ఆయన పేరూ, కుర్చీ, గోడమీది సన్మానం ఫొటోలూ దానిమీదే నిలబడ్డాయి. నా డిగ్రీ కూడా. నేను వేస్తే మాత్రం ఆ మాయదారి కణాలు ప్రతిసారీ బతికి బట్టకట్టేవి.

"లోపం నీ చేతిలో ఉందమ్మా. ఇదే చివరిసారి. ఫలితం నేనే చూస్తా" అన్నారు.

ఆ కంగారులోనే చేసి, మందు వేశానని నోట్‌బుక్‌లో రాశాను. మర్నాడు ఉదయం ఆయన మైక్రోస్కోపులోంచి తలెత్తి, "చూశావా? సగానికి సగం చచ్చాయి! ఇక రాసేసుకో" అన్నారు.

పరుగున వెళ్ళి అమ్మకు ఫోన్ చేశాను. "ఇన్నాళ్ళకు గట్టెక్కావే తల్లీ!" అని ఏడ్చేసింది.

తర్వాత ఫ్రిజ్ సర్దుతుంటే కొత్త మందు సీసా కనిపించింది. సీలు తీయలేదు. పక్కనున్న సీసా, పోల్చి చూడ్డానికి కొన్ని కణాలకు మందు బదులు వేసే ఉప్పునీళ్ళది, ఖాళీ అయింది. కంగారులో అన్నిటికీ ఉప్పునీళ్ళే పోశాను. మరి ఆయనకు కనబడిన చచ్చిన కణాలు ఎక్కడివి?

ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే అక్క గతే నాకూ. చెప్పకపోతే రేపు ఏ రోగికో ఈ మందే ఎక్కిస్తారు. ఆ రోగి మా అమ్మే కావచ్చు. సీసా పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను.

"సార్... పొరపాటైంది. నేను అసలు మందే వెయ్యలేదు."

అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. ఆయన లేచి, తలుపు దగ్గరికి వేశారు.

"తెలుసమ్మా. నిన్న సాయంత్రమే ఫ్రిజ్ తీసి చూశా."

నా చేతిలోంచి సీసా తీసుకుని, సొరుగులో పెట్టి తాళం వేశారు.

"వెయ్యని మందు వేశానని రాసిందెవరు? నువ్వు. పోనీలే, చిన్నపిల్లవి. నా మాట వింటున్నన్నాళ్ళూ ఇది ఇక్కడే ఉంటుంది." కుర్చీలో వెనక్కి వాలారు. "అమ్మగారికి చెప్పావా? సంతోషించారా?"



"సంతోషించింది సార్."

తలుపు తీసుకుని బయటపడ్డాను. "థాంక్యూ సార్" అని కూడా అన్నానని మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది.