మోరా నాకిన గోడ

మీ నాయనమ్మను నాకివ్వాలా వద్దా అన్నది మా ఊళ్లో ఒక ఆవు తేల్చింది. నెమ్మదిగా చెబుతాను, నెమ్మదిగానే రాసుకో.

మన కొండ చర్చిలో ఎడమ గోడ మీది బొమ్మ నువ్వూ చూశావు. ప్రభువు శిష్యులతో కూర్చుని చేసిన కడపటి భోజనం. బల్ల మీద రొట్టెలు, ద్రాక్షసారా, మన వాగులో దొరికే ఎర్ర రొయ్యలు. ఆ కాలంలో మన ఊరివాళ్లనే కూర్చోబెట్టి పన్నెండుమంది శిష్యుల్నీ గీశారని మా అందరి నమ్మకం. అందుకే ఏటా పవిత్ర గురువారం నాడు పన్నెండుమంది మగవాళ్లం అదే వరసలో కూర్చుని భోంచేస్తాం. కుర్చీ తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. మాది ఎడమ నుంచి నాలుగోది, అంద్రెయ. పక్కనున్న ఐదోది ఫిలిప్పు. అది బార్తొలోది, అంటే మీ నాయనమ్మ తండ్రిది.

చిట్టచివర మూతి ముడుచుకుని కూర్చున్నవాడు ప్రభువుని శత్రువులకి పట్టించిన యూదా అని తాతల కాలం నుంచీ అనుకునేవాళ్లం. ఆ కుర్చీ ఏ ఇంటిదీ కాదు. ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాస్టరునో పన్నులాయననో పిలిచి, చాలా మర్యాదగా అందులో కూర్చోబెట్టేవాళ్లం. పాపం, వాళ్లు పొంగిపోయేవాళ్లు.

నాకు ఇరవై ఆరేళ్లప్పుడు తొరీనో పట్నం నుంచి లివియా అనే ఆవిడ వచ్చింది. బొమ్మకు పట్టిన కొవ్వొత్తుల మసి తుడవడం ఆవిడ పని. పుల్లకి దూది చుట్టడం, నాలుక మీద తడపడం, గోరంత మేర తుడవడం. పొద్దస్తమానం అదే.

"ఫాదర్! ఆవిడ మన శిష్యుల మీద ఉమ్మేస్తోందండీ!" అని మా అత్త పరుగెత్తుకెళ్లింది.

"ఉమ్ముకి మించింది లేదటమ్మా," అన్నాడు ఫాదర్ ఎవాసియో. "నన్ను కూడా కాస్త సాయం పట్టమంటుందేమోనని ఆ గోడ వైపే వెళ్లడం లేదు."

మే నెలలో ఒకరోజు లివియా ఊరందర్నీ పిలిచింది. మా నాలుగో ఆయన గుండెల ముందు, మసిలోంచి ఒక పిడికిలి బయటపడింది. పిడికిట్లో సంచి.

"డబ్బు సంచి ఎవరి చేతిలో ఉంటే వాడే యూదా," అంది ఆవిడ. "చివరాయనకి పన్నునొప్పేమో గానీ ఏ పాపమూ తెలీదు."

అందరూ నా వైపు తిరిగారు. సరిగ్గా నేను మీ నాయనమ్మ ఒర్సోలాని ఇమ్మని అడగబోయే వారం అది. మేమిద్దరం మాట ఇచ్చుకుని అప్పటికే ఏడాదైంది. అయినా కొత్త చొక్కా తొడుక్కుని వెళ్లాను.

"మావా..." అన్నాను గుమ్మంలోంచి.

"ఎవడ్రా నీకు మావ?" బార్తొలో పొలెంతా, అదే మొక్కజొన్న సంకటి, కలుపుతున్న కర్ర పైకెత్తాడు. "నా పిల్లని యూదా కుర్చీకి ఇమ్మంటావా?"

"నేను చేసుకునేది కుర్చీని కాదు నాన్నా!" లోపల్నుంచి ఒర్సోలా.

"నువ్వూరుకో! ప్రభువుని అమ్ముకున్న కొంప అది. మూడొందల వెండి నాణేలకి..."

"ముప్పై," అన్నాను నేను.

"చూశావా! ధర కూడా తెలుసు వీడికి!"

ఆ పైన నాకు తిండి సయించలేదు. ఆవులకి ఉప్పు పెట్టాలన్న సంగతి కూడా మూడు వారాల పాటు మర్చిపోయాను.

జూన్‌లో మందల్ని పై కొండకి తోలే రోజు వచ్చింది. తోలేముందు చర్చి వాకిట్లో ఫాదర్ ఆవుల మీద తీర్థం చల్లుతాడు. ఆ పూట ముసురు పట్టింది. నేను మా ఆవు మోరా పలుపు పట్టుకుని నిలబడ్డాను. పలుపు చేతిలో ఉంది గానీ, కళ్లు అవతల గొడుగు కింద ఉన్న ఒర్సోలా మీద ఉన్నాయి. పాత రాతిగోడలు ముసురుకి ఉప్పు చెమరుస్తాయి. అది నాకు తెలుసు, మోరాకి ఇంకా బాగా తెలుసు. నన్ను ఈడ్చుకుంటూ చర్చిలోకి దూరి, తిన్నగా ఎడమ గోడ దగ్గరికి పోయి, మా అంద్రెయని నాకడం మొదలుపెట్టింది.

"అయ్యో, నా బొమ్మ! లాగండి దాన్ని!" లివియా కేక ఊరంతా వినపడింది.

"లాగరా డెల్ఫీనో!" అన్నాడు ఫాదర్, తీర్థం కుంచె అడ్డం పెడుతూ. మోరా ఒకసారి ఆ కుంచెనీ నాకి, మళ్లీ గోడకి తగులుకుంది.

నలుగురం పట్టి లాగితే గానీ రాలేదు. లివియా దీపం తెచ్చి, ఏడుపు మొహంతో గోడ దగ్గర వంగింది. వంగినావిడ ఎంతకీ లేవలేదు. నేనూ తొంగి చూశాను. మా నాలుగో ఆయన కుడిచెయ్యి రొట్టె మీద ఉంది. మోరా నాకిన చోట ఎడమ చెయ్యి తేలింది, అది గిన్నె పట్టుకుని ఉంది.

"మరి సంచి పట్టుకున్న ఈ మూడో చెయ్యి ఎవరిదండీ?" అన్నాను.

లివియా దూది తడిపి, ఆ పిడికిలి వెంట పైకి తుడుచుకుంటూ పోయింది. మా నాలుగో ఆయన బట్టలు ఆకుపచ్చ. ఆ చేతి మీది బట్ట పసుపుపచ్చ. మణికట్టు, మోచెయ్యి, ఆ పైన భుజం. అది పక్కనున్న ఐదో ఆయన భుజం.

ఈసారి అందరూ బార్తొలో వైపు తిరిగారు.

"ఆవు ఏదో నాకితే..." అని టోపీ తీసి నలపడం మొదలుపెట్టాడు.

"ఆవు కాదండీ, చెప్పేది నేను," అంది లివియా.

"నీ పిల్లని ఇంకెవడు చేసుకుంటాడయ్యా?" అంది మా అత్త.

ఒర్సోలా చర్చి గుమ్మంలో గొడుగు చాటున నవ్వుతోంది. నేను పలుపు గట్టిగా పట్టుకుని, "నాకేం పట్టింపు లేదు మావా," అన్నాను.

బార్తొలో నన్ను చూశాడు, గోడని చూశాడు, చివరికి మోరాని చూశాడు.

"ముందు దానికి ఉప్పు పెట్టుకో అల్లుడూ," అన్నాడు.

మరుసటి ఏడు గురువారం భోజనానికి బార్తొలో అందరికంటే ముందొచ్చాడు. కొత్త పోస్టుమాస్టరుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, చాలా మర్యాదగా ఐదో కుర్చీలో కూర్చోబెట్టాడు. తను మాత్రం చిట్టచివరికెళ్లి, మూతి ముడుచుకుని కూర్చున్నాడు, అచ్చం బొమ్మలో ఉన్నట్టే.