గోధుమరంగు అద్దాల మీద గీతలు

నా చలువద్దాలు ఉన్నాయి. వాటిలోంచి ఏమీ కనిపించడం లేదు.

వంటింటి కిటికీ దగ్గరికి తెచ్చి వెలుతురుకు పట్టి చూశాను. రెండింటి నిండా గీతలే. నిన్న సాయంత్రం మెత్తటి గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టి అలమారులో దాచినప్పుడు నిగనిగలాడుతున్నాయి. ఇప్పుడు పొగమంచు పట్టినట్టు తెల్లబడి ఉన్నాయి. పొయ్యి మీద అన్నం కుతకుతమంటోంది. మా ఆయన క్యారియరు సర్దాలి, పప్పుకు తాలింపు పెట్టాలి, ఆ తర్వాత నేను బస్సెక్కి వైరా వెళ్లి, రిజర్వాయరులో ఈది, సైకిలు తొక్కి, పరుగెత్తాలి. పందెం ఉంది కదా అని అన్నం దానంతటది ఉడకదు.

"ఎవరు చేసిన్రు ఇది?" అన్నాను.

మా ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. వెనక్కి తిరగలేదు.

"ఇంకెవరు? అమ్మ. గిన్నెలతోటి కలిపి బూడిదేసి తోమినట్టుంది. ముసల్ది, దానికేం తెల్సు? ఏమనకు, పాపం."

బూడిద అనగానే నమ్మేశాను. మా అత్తమ్మ విశ్రాంతమ్మ చేతికి దొరికిందల్లా బూడిదతో తోముతుంది. చెంబు, థర్మాసు మూత, చివరికి ప్రార్థనకు వచ్చిన పాస్టరుగారు మరిచిపోయిన కళ్లజోడు కూడా. పాపం, ఆ ఆదివారం ఆయన వాక్యం చదవలేక నోటికొచ్చిన కీర్తనతో సరిపెట్టుకున్నారు.

"అత్తమ్మ ఏది?"

"పక్కింటికి పోయింది, ఇస్తర్లు కుట్టనీకి. నీ మొహం సూడనీకి భయమైనట్టుంది. అయినా అద్దాలు లేకుంటే పందెం ఆగుతదా? ఆగితే ఆగనీ. ఇంట్ల ఉండు."

చివరి మాట చాలా మెల్లగా అన్నాడు. గడ్డం నురగలోంచి వచ్చింది కాబట్టి అది కోరికో, ఆజ్ఞో తెలియలేదు.

నేను రిబ్కాను. ఏన్కూరు దవాఖానాలో నర్సమ్మను. అడవి అంచు పల్లెలకు టీకాలు తీసుకుని రోజూ సైకిలు మీద పోతాను. గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని కాబట్టి ఈత నేర్పకుండానే వచ్చింది. ఎండిన బాటలో సైకిలు దిగి తోసుకుంటూ పరుగెత్తడం ఉద్యోగం నేర్పింది. పోయిన ఏడు జిల్లాకు ధన్‌సింగ్ అనే కొత్త కోచ్ వచ్చి, ఉద్యోగుల ఆటల్లో ట్రయాథ్లాన్ పెడతానన్నాడు. ఎవరికీ నోరు తిరక్క మేం మూడాటల పందెం అన్నాం. ఆడవాళ్లలో మొదటి ఇద్దరు రాష్ట్ర పోటీలకు హైదరాబాదు పోతారు. తొంభై నాలుగు జనవరిలో ఆ మాట నాకు ఎంత పెద్దదో చెప్పలేను. పెళ్లయ్యాక నేను ఎక్కడికి పోయినా ఎవరి పనో మోసుకునే పోయాను. ఇది ఒక్కటే నా పని.

ఒక్కటే చిక్కు. అంతకుముందు ఏడు వరికోతలప్పుడు నూర్పిడి దుమ్ము పడి నా కుడికంట్లో పుండు లేచింది. మానిందిగానీ, ఎండ ముఖాన కొట్టినా గాలి తగిలినా కన్ను ధారకడుతుంది. ఖమ్మంలో కంటి డాక్టరు, "అద్దాలు లేకుండ సైకిలెక్కితె కన్ను పోగొట్టుకుంటవమ్మా" అన్నాడు. వైరా నుంచి తల్లాడ వైపు తొక్కాలంటే పొద్దుటి సూర్యుడు తిన్నగా ఎదురు.

అద్దాలు ఎంచుకోవడం ఇంత కష్టమని నాకు తెలియదు. మొదట శుక్లాల ఆపరేషను శిబిరంలో మిగిలిన నల్లద్దాలు పెట్టుకున్నాను. బయలులో బాగానే ఉంది. టేకుచెట్ల నీడలోకి రాగానే బండిచాళ్లు కనపడక బోర్లా పడ్డాను. భద్రాచలంలో శ్రీరామనవమి అంగళ్లలో కొన్నవి గాజువి. ఓ లారీ చిమ్మిన కంకర రాయికి అంచు పగిలింది. అది కంట్లోకి పోతే? వాటినీ పారేశాను. మూడోసారి ఖమ్మంలో కిషన్‌లాల్ సేటు కొట్టుకు పోయాను. ఆయన రాళ్లు పొదిగిన పెద్ద గుండ్రటి జోడు తీసి, "మేడమ్, ముఖానికి మస్తు సూటైతది" అన్నాడు.

"ముఖానికి కాదు సేటూ, రోడ్డుకు సూటవ్వాలె."

కొట్టు మధ్యలో స్టూలు వేసుకుని హ్యాండిలు పట్టినట్టు వంగి చూశాను. సైకిలు మీద తల కిందికి, చూపు పైకి ఉంటుంది. అద్దం పై అంచు సరిగ్గా అక్కడే అడ్డొస్తే పనికిరాదు. పక్కల సందుంటే దుమ్ము దూరుతుంది. తర్వాత లేచి ఉన్నచోటే పరుగెత్తాను. ముక్కు మీంచి జారినవన్నీ పక్కన పెట్టించాను. సేటు నవ్వాపుకోలేక, "దుకాణం పడగొట్టకమ్మా" అన్నాడు. చివరికి తేలికపాటి ప్లాస్టిక్కువి, కణతల దాకా వంపు తిరిగినవి, గోధుమరంగువి దొరికాయి. ఎండలో చల్లన, నీడలో గుంత కనిపిస్తుంది. లంగాకు వేసే ఎలాస్టిక్కు కాడలకు కుట్టుకున్నాను. కొట్టులో ఉన్నంతసేపూ మా ఆయన బయట మెట్ల మీద అటు తిరిగి నిలబడ్డాడు.

ఇంటికొచ్చాక అన్నాడు: "అమ్మ ఏమన్నదో తెల్సా? కండ్లు కనపడనియ్యని ఆడదాన్ని నమ్మొద్దన్నది. ఎవర్ని సూస్తున్నవో ఎట్ల తెలుస్తది?"

ఆ మాటకు నాకు కోపం రాలేదు, భయమేసింది. ఎందుకంటే అందులో నిజం ఉంది. ఆ అద్దాలు పెట్టుకున్న మొదటిరోజే నాకు అర్థమైంది, ఇంతకాలం నేను చూసిన ప్రతి చూపుకూ ఎవరికో జవాబు చెప్పుకుంటూ వచ్చానని. బజారులో తలెత్తితే ఎందుకెత్తావు, బస్టాండులో పక్కకు చూస్తే ఎవర్ని చూశావు. ఆఫీసులో డాక్టరు మాట్లాడుతుంటే ఆయన మొహం చూడాలా టేబులు చూడాలా అని కూడా లెక్కేసుకునేదాన్ని. గోధుమరంగు అద్దాల వెనక మొదటిసారి నా చూపు నా ఇష్టానికి తిరిగింది. మోదుగుపూలు చూశాను. లంబాడీ తండాలో గోడ కడుతున్న ఆడవాళ్ల చేతులు చూశాను. ఎదురుగా సైకిలు మీద వస్తున్న మగాళ్లను, వాళ్లు నన్ను చూసినట్టే, తీరిగ్గా చూశాను. ఏమీ జరగలేదు. ఆకాశం అక్కడే ఉంది. ఆ సుఖం ఎవరికీ చెప్పలేదు. అత్తమ్మ ఎలా పసిగట్టిందా అని మాత్రం ఆశ్చర్యపోయాను.

క్యారియరు కట్టి బస్సు దగ్గరికి పోయాను. క్లీనరు నా సైకిలు పైకెక్కించాడు. బస్సు కదులుతుండగా అత్తమ్మ కొంగు ఎగ్గట్టి పరుగెత్తుకొచ్చి ఎక్కి, నా పక్కనే కూలబడింది.

"నన్ను గూడ తీస్కపోతవా బిడ్డా? నువ్వు ఈతకొట్టంగ సూస్త."

"ఎందుకు అత్తమ్మా, ఇంకేమన్న తోమాల్నా?"

"ఏం తోమిన్నే?"

"నా అద్దాలు. బూడిదేసి."

ఆమె నోరు తెరిచింది. "నేను ముట్టనేలేదే! ముడితె చెయ్యి ఇరగ్గొడ్తనన్నవట గద. వాడే చెప్పిండు. అప్పటి సంది ఆ అలమారు దిక్కు గూడ పోలే."

"నేనా? చెయ్యి ఇరగ్గొడ్తనన్ననా?"

నా ఒళ్లో సైకిలు సంచి ఉంది. దాని మూతి విప్పాను. పంక్చరు డబ్బా మూత సరిగ్గా పడలేదు. లోపల గరుకు కాగితం. ట్యూబు గీసిన కాగితానికి ఎప్పుడూ నల్లపొడి అంటుకుంటుంది. ఇప్పుడు దాని నిండా తెల్లటి పొడి. అద్దాలు తీసి మళ్లీ చూశాను. బూడిదతో తోమితే గీతలు గుండ్రంగా తిరుగుతాయి. ఇవి నిలువుగా, ఒకే దిక్కుకు, ఓపిగ్గా గీసినవి. ఇంట్లో ఉన్నది ముగ్గురం. నేను గీయలేదు. పంక్చరు డబ్బా అంటే ఏమిటో అత్తమ్మకు తెలియదు.

ఆ కాగితం ఆమె చేతిలో పెట్టి చెప్పాను. ఆమె దాని మీద వేలు రాసి, అంటిన తెల్లపొడి చూసుకుంది.

"చిన్నప్పటి సంది గంతే" అంది. "కుండ పలిగితె పిల్లి పేరు చెప్పేటోడు. నేను నమ్మేదాన్ని. నమ్మకపోతె వాణ్ని కొట్టాల్సొస్తది గద."

తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. మందుల కొట్టులో పాత చీటీలు సరిచూసుకున్నట్టు ఒక్కొక్కటే తీశాం.

"నేను పంజాబీ డ్రెస్ ఏస్తె మీకు ఒళ్లు మండుతదట?"

"నాకెందుకు మండుతది? బురదల చీరకన్న నయం. మరి నా చుట్ట వాసనకు నీకు వాంతొస్తదట?"

"నేనట్ల ఎన్నడన్న? మీతోటి ఒక్క పళ్లెంల తినొద్దని మీరే అన్నరట గద, నేను రోగాల ఊళ్లు తిరిగొస్తనని?"

"ఓ ప్రభువా!" అత్తమ్మ నుదురు కొట్టుకుంది. "నీ సైకిలు ఎనక కూసోని ఓ పారి చర్చికి పోవాల్నని వాణ్ని అడిగిన. ముసల్ది బరువు, మొయ్యనన్నవట. ఆ మాటకు ఓ పూట అన్నం తిన్లే నేను."

బస్సు కండక్టరు మమ్మల్ని చూసి అత్తాకోడళ్లు కొట్లాడుకుంటున్నారనుకుని, "జర మెల్లగ మాట్లాడున్రి" అన్నాడు.

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. ఒకే వంటింట్లో ఇద్దరు ఆడవాళ్లం, ఒకరు వడ్లు దంచితే ఒకరు చెరిగాం, ఒకరికి జ్వరమొస్తే ఒకరు గంజి కాచాం. కానీ మాట మాత్రం ఆయన చేతిమీదుగానే వెళ్లింది, వచ్చింది. ఆయన మా మధ్య నిలబడి ఇద్దరికీ మంచివాడయ్యాడు. "నాకేం అభ్యంతరం లేదు, అమ్మే" అనేవాడు నాతో. "నాకేం లేదు, నీ కోడలే" అనేవాడు ఆమెతో. నేను ఆమెను తిట్టుకుంటూ పడుకున్నాను, ఆమె నన్ను తిట్టుకుంటూ ప్రార్థన చేసుకుంది. పెళ్లికి ముందు మా అమ్మ చెప్పిన జాగ్రత్తలన్నీ అత్త గురించే. మొగుడి గురించి ఒక్కటీ చెప్పలేదు. ఆమెకూ ఎవరూ చెప్పి ఉండరు.

పందెం గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ఈతలో నేనే ముందు. నీళ్లలోంచి లేచి, తడిబట్టలతో సైకిలెక్కి, అద్దాలు పెట్టుకుంటే రోడ్డంతా తెల్లటి తెర. తీసి మెడలో వేసుకున్నాను. ఊరు దాటగానే ఎండ, దానితోపాటు కల్లాల దుమ్ము. కుడికన్ను మూసుకుని ఒంటికంటితో తొక్కాను. ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉందో తెలియక రెండుసార్లు అంచు దిగాను. ఒకామె నన్ను దాటింది. కట్ట మీద పరుగులో ఇంకొకామె దాటింది. మూడోదాన్నయ్యాను. హైదరాబాదు పోయేది ఇద్దరు.

కట్ట కింద టెంటులో కూర్చున్నాను. కన్ను మోదుగుపువ్వులా ఉందని అత్తమ్మ అంది. కొంగు నీళ్లలో ముంచి అద్దుతోంది. ధన్‌సింగ్ మైకు చేత్తో పట్టుకునే నా దగ్గరికి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? నీళ్లలకెల్లి బయటికొచ్చినప్పుడు నిన్ను పట్టెటోళ్లు లేకుండిరి. మస్తు మంచి అద్దాలు తెచ్చుకున్ననన్నవ్ గద, ఏమైనయ్?"

మాటలన్నీ మైకులో మోగాయి. కుర్చీల్లోని జనం ఇటు తిరిగారు. అప్పుడే మా ఆయన ఆఫీసు స్నేహితులతో వచ్చి నిలబడ్డాడు. నవ్వుతూ అందుకున్నాడు.

"అంత మా అమ్మ పని సార్! బూడిదేసి తోమింది. తెల్లగైనయ్ గద!"

జనం గొల్లుమన్నారు. ఎవరో, "ఏమమ్మా, మా స్కూటర్ గూడ తోముతవా?" అన్నారు. అత్తమ్మ కాదనలేదు. తలవంచుకుని కొంగు పిండింది. ఆ పిండటంలో నాకు తెలిసిపోయింది, కొడుకు మీద పడాల్సింది తన మీద పడటం ఆమెకు కొత్త కాదని. మా ఆయన నా వైపు చూసి చిన్నగా తలూపాడు. పోనీలెండి సార్, పెద్దావిడ, అనాలి నేనిప్పుడు. ఆ మాట నా నాలుక చివరికి వచ్చేసింది కూడా. ఎన్నిసార్లు అన్నానో దానికి లెక్కలేదు.

"అత్తమ్మ చెయ్యలే సార్" అన్నాను.

నవ్వులు ఆగిపోయాయి. ధన్‌సింగ్ నా వైపు వంగాడు. "మరెవరమ్మా?" అన్నాడు. మైకు ఇంకా మా ఇద్దరి మధ్యే ఉంది.

మొగుడి పేరు నోటితో అనకూడదు. జనాభా లెక్కలకు వచ్చినవాళ్లు అడిగితే పక్కింటావిడతో చెప్పించాను. ప్రార్థనలో కూడా 'మా ఇంటాయన' అనే అన్నాను, దేవుడికి తెలుసులే అని. అత్తమ్మ తడిచెయ్యి నా మోచేతి మీద పడింది. ఆపడానికేమో అనుకున్నాను. ఆపలేదు. అలాగే పట్టుకుంది.

మైకు నా వైపు తిప్పుకున్నాను.

"నా మొగుడు సార్. ఆంథోని."