జడ్జిగారు శాంతంగా ఉండమని కోరారు

విచారణ గది బయట వసారాలో తెరెరే నడుస్తోంది. కొమ్ము గ్లాసులో ఆకు వేసి చల్లటి నీళ్లు పోయడం, ఒకరు పీల్చి తిరిగి ఇవ్వడం, మళ్లీ పోసి పక్కవాళ్లకు అందించడం. అందరికీ ఒకటే గ్లాసు, ఒకటే గొట్టం. ఎంగిలి పట్టింపు అక్కడ ఎవరికీ లేదు. గ్లాసు డ్రైవరు దాకా వచ్చింది, బంట్రోతు దాకా వచ్చింది, బెంచీ చివర కూర్చున్న ఎర్మీనియా బాయెస్ దగ్గరికి మాత్రం రాకుండా వెనక్కి మళ్లింది. సాంతా ఒబ్దూలియా కోర్టులో పంతొమ్మిదేళ్లు జడ్జిగా చేసిన మనిషి ఇవాళ రాజధాని ఆసున్సియోన్‌కు వచ్చి తనే బోనెక్కబోతోంది. లంచం తిని కాదు, నోరు పారేసుకుని.

నీళ్లు పోస్తున్నది దొన్ ఎలీహియో, ఆమె బెంచి క్లర్కు. ఇన్నేళ్లూ రోజూ పదింటికి ఆమె గదిలోకి వచ్చి గ్లాసు అందించేవాడు. ఆమె ఒక్కసారి తాగి 'గ్రాసియస్' అనేది. థాంక్స్ అని చెప్పే ఆ మాట తెరెరే దగ్గర అంటే ఇక చాలు, పోయొద్దని అర్థం. అతను తలవంచి వెళ్లిపోయేవాడు. ఫిర్యాదు వచ్చాక అతన్ని సాక్షిగా పిలిచి, ఆమెతో మాట్లాడవద్దన్నారు. అప్పటికి గానీ ఎర్మీనియాకు తెలిసిరాలేదు, ఊరందరిలో తనను పలకరించేది అతనొక్కడేనని. ఈ నాలుగు నెలల్లో ఆమె నోరు విప్పింది కూరగాయల కొట్లోనే. ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేరు. కుర్చీ కూడా పోతే పొద్దున్నే లేచి చేసే పనేమిటో ఆమెకు తోచడం లేదు.

ఫిర్యాదు చేసింది నికాసియా. చీపా రొట్టెలు అమ్ముకునే ముసలావిడ, మనవడిని తన దగ్గరే ఉంచమని కోర్టుకొచ్చి తనకొచ్చిన గ్వారానీ భాషలో గోడు చెప్పుకుంది. స్పానిష్‌లో చెప్పమంటే తడబడింది. అప్పుడు ఎర్మీనియా అరిచిన అరుపుకు రోడ్డు మీద బండివాడు కూడా ఆగి చూశాడట. ఎర్మీనియా తల్లికి గ్వారానీ తప్ప ఇంకో భాష రాదన్న సంగతి ఆ కోర్టులో ఎవరికీ తెలియదు.

కానీ రికార్డులో అరుపు లేదు. విచారణ సంఘం అధ్యక్షుడు కళ్లజోడు సర్దుకుని చదివాడు.

"'జడ్జిగారు శాంతంగా ఉండమని కోరారు.' ఇంతే కదండీ ఉన్నది? దీనికేనా ఇంత గొడవ?"

సంఘంలోని సభ్యురాలు ఒప్పుకోలేదు. ఎలీహియోను పిలిపించింది.

"ఆ రోజు మీ జడ్జిగారు ఏమన్నారో చెప్పండి."

"రికార్డులో ఉన్నదేనమ్మా."

"రికార్డు నేనూ చదివాను. మీ చెవులతో ఏం విన్నారు?"

ఎలీహియో రుమాలు తీశాడు. నుదురు తుడుచుకున్నాడు. రుమాలు మడతపెట్టాడు, మళ్లీ విప్పాడు. "అంటే... అది... ఆ రోజు ఎండ బాగా..."

నాన్చుడు ఎర్మీనియాకు పుట్టినప్పటి నుంచీ పడదు. చెయ్యి దానంతటదే లేచి బల్ల మీద పడింది.

"నోట్లో ఏం పెట్టుకున్నావయ్యా! అడిగినదానికి సమాధానం చెప్పడం రాదా? మనిషివా, మొద్దువా?"

టైపిస్టమ్మాయి వేళ్లు ఆగిపోయాయి. "సార్, ఇది... ఎలా రాయమంటారు?"

ఎలీహియో తల కూడా తిప్పలేదు. "'జడ్జిగారు శాంతంగా ఉండమని కోరారు' అని రాయమ్మా" అన్నాడు.

అన్నాక గానీ తను ఏమన్నాడో అతనికి తెలియలేదు. రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

సభ్యురాలు తన ముందున్న ఆ కోర్టు పాత ఫైళ్లు తిరగేయడం మొదలుపెట్టింది. పేజీ పేజీకీ ఆ వాక్యమే. ప్రతి పేజీ కింద ఎర్మీనియా సంతకం. అవన్నీ ఆమె చదివే పెట్టింది. చదివిన ప్రతిసారీ, తను నిజంగానే శాంతంగా ఉండమని కోరిందనుకుంది. ఇప్పుడా వాక్యాల వెనక మనుషులు కనిపిస్తున్నారు. నత్తివాడొకడు. చంటిబిడ్డ ఏడుపు మాన్పలేక బయటికి నడిచిన తల్లి. చేతులు వణికిన ఒక ముసలి కుమ్మరి.

అధ్యక్షుడు మంచివాడు, లేదా భోజనం వేళయింది. "అమ్మా, మీరు ఆందోళనలో ఉన్నారు. ఇప్పుడన్నది రాయకుండా వదిలేద్దాం. హెచ్చరికతో సరిపెడదాం, ఏమంటారు?"

కుర్చీ మళ్లీ చేతికందేంత దూరంలోకి వచ్చింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. చివరి వరసలో నికాసియా ఒళ్లో ఖాళీ బుట్ట పెట్టుకుని కూర్చుంది. ఇక్కడి స్పానిష్‌లో సగం ఆమెకు అర్థమై ఉండదు.

ఎర్మీనియా లేచి నిలబడింది.

"రాయమ్మా. నేనన్నది అన్నట్టే రాయి. ఇప్పుడు మా క్లర్కుని మొద్దువా అన్నాను. ఆ రోజు ఆవిడని, 'మనిషిలా మాట్లాడు, ఇది కోర్టు, పశువుల దొడ్డి కాదు' అన్నాను. రికార్డులు అలా రాసింది అతను. నాకు భయపడి రాశాడు. చదివే సంతకం పెట్టాను."

తర్వాత అదంతా ముసలావిడ వైపు తిరిగి గ్వారానీలో చెప్పింది. కోర్టు గదిలో ఆమె తల్లి భాష మాట్లాడటం అదే మొదటిసారి. నికాసియా విన్నది. క్షమించానని అనలేదు. బుట్ట తీసుకుని బయటికి నడిచింది.

భోజనాలయ్యాక తీర్పు చదివారు. కుర్చీ పోయింది. ఎలీహియోకు మందలింపు.

వసారా ఖాళీ అయింది. ఎర్మీనియా మళ్లీ ఆ బెంచీ చివరే కూర్చుంది. ఎలీహియో వచ్చి, కొంచెం దూరం వదిలి కూర్చున్నాడు.

"నా రాతను ఎవరూ ఇంతవరకూ తప్పుపట్టలేదు అమ్మగారూ" అన్నాడు చివరికి.

"తెలుసు."

అతను గ్లాసులో నీళ్లు పోసి అందించాడు. ఆమె తాగి గ్లాసు తిరిగి ఇచ్చింది. 'గ్రాసియస్' అనలేదు. అతను ఒక క్షణం ఆగి, మళ్లీ పోశాడు. మళ్లీ తాగింది. ఈసారీ అనలేదు. మూడోసారి ఫ్లాస్కు వంచితే రెండు చుక్కలు పడ్డాయి.

"నీళ్లయిపోయాయి అమ్మగారూ. నాకు బస్సు టైమైంది."

"వెళ్లిరా ఎలీహియో."

అతను వెళ్లిపోయాడు. అదే బస్సులో ఆమె కూడా వెళ్లాలి. కానీ వెళ్లి చేసేదేముంది, అక్కడే కూర్చుండిపోయింది.