గుమ్మం మీది ఈల

నాకు కుక్కలంటే పడదు. ఉన్న మనుషులతోనే వేగలేక చస్తున్నాను. అందుకే ఒక సాయంత్రం మా ఆయన పాల వ్యాను దిగి వచ్చి, చొక్కా లోపలి నుంచి కుక్కపిల్లను తీసి నా కుట్టు మిషను పక్కన పెట్టినప్పుడు నేను దాన్ని చూడలేదు, ఆయన మొహం చూశాను.

"డెయిరీలో పుట్టింది. తల్లి లారీ కింద పడి చచ్చిపోయింది. రెండు నెలలుంటాయేమో," అన్నాడు.

"ఉంటే?"

"వాడికి తోడుంటుందని."

వాడంటే నా మరిది. సైకిళ్ల షాపులో పని. ఆదివారాలు మా ఇంటి ఎదురుగా ఉన్న గ్రౌండులో ఫుట్‌బాల్ మ్యాచ్‌లకు రెఫరీ. షాపు పని పొట్టకోసం చేసేవాడు గానీ, ప్రాణమంతా ఆ ఈల మీదే ఉండేది. వానలు మొదలయ్యే ముందు జరిగిన ఫైనల్లో, ఆట ముగుస్తుందనగా పెనాల్టీ ఇచ్చాడు. అది పెనాల్టీ కాదు. ఎవరో ఫోనులో తీశారు, ఊరంతా చూసింది. వీడూ చూశాడు, మళ్లీ మళ్లీ చూశాడు. మంగలి షాపులో, బస్టాపులో 'గుడ్డి ఈల' అని పేరు పెట్టారు. అంతే, మనిషి గుమ్మం దాటడం మానేశాడు. ముందు గదిలో గ్రౌండు వైపు కిటికీ మూసుకుని, రాత్రంతా పైకప్పు చూస్తూ పడుకునేవాడు. షాపు ఓనరు రెండుసార్లు కబురు పంపాడు. ఈసారి కబురొస్తే అది వేరేవాణ్ణి పెట్టుకున్నాననే అవుతుందని నాకు తెలుసు. వాడికీ తెలుసు. నేను ఏడ్చే రకం కాదు గానీ, కంచంలో సగం అన్నం వదిలేసి లేచిపోతున్న మనిషిని రోజూ చూడడం చిన్న విషయం కాదు.

మా ఆయన కుక్కపిల్లను తమ్ముడి ఒళ్లో పడేశాడు.

"రేయ్, రాత్రి డ్యూటీ నీదే. ఎలాగూ నిద్రపోవుగా," అని చేతులు దులుపుకున్నాడు. తెల్లవారకముందే వ్యాను తియ్యాలి కాబట్టి ఆయన పెందలాడే పడుకుంటాడు. పడుకున్నాడంటే చెవి దగ్గర డప్పు కొట్టినా లేవడు.

బొజ్జ తప్ప ఇంకేమీ కనిపించడం లేదని దానికి గుండు అని పేరు పెట్టాం. నా పాత కర్టెను గుడ్డ పరిచి, ఖాళీ పాల ట్రేలో పడుకోబెట్టి, మరిది మంచం పక్కన పెట్టాం. డెయిరీకి వచ్చే పశువుల డాక్టరు మా ఆయనకు అంతా చెప్పి పంపాడు. పొద్దుపోయాక నీళ్లు ఎక్కువ పెట్టొద్దు. రాత్రి కుయ్‌కుయ్‌మనగానే బయటికి తీసుకెళ్లాలి. పక్కనే నిలబడాలి. పని కాగానే మెచ్చుకుని చిన్న బిస్కెట్ ముక్క పెట్టాలి. లోపల పోసిందని మాత్రం కొట్టకూడదు, తిట్టకూడదు. కొట్టకపోవడం సరే. తిట్టకూడదంటే నా వల్ల అయ్యే పనేనా?

మొదటి రాత్రి గుండు మూలిగింది. మరిది లేచి, వంటింట్లోంచి వెళ్లి పెరటి తలుపు తీసి, దాన్ని బయట వదిలాడు. తను మాత్రం గుమ్మం మీదే నిలబడ్డాడు. అది పెరడంతా వాసన చూసింది, తొట్టి వెనక దూరింది, ఒక పురుగు వెంట పడింది. ఆటలన్నీ అయ్యాక బుద్ధిగా లోపలికొచ్చి నా వంటింటి చెక్క నేల మీద పోసింది. రెండో రాత్రీ అంతే.

"దాని పక్కన నిలబడమన్నారుగా! రెండు మెట్లు దిగితే కాళ్లు అరిగిపోతాయా?" అన్నాను, గుడ్డ పెట్టి తుడుస్తూ.

"అందరి కిటికీలూ ఇటే ఉన్నాయి వదినా."

"ఈ వేళప్పుడు నిన్నెవడు చూస్తాడు నాయనా?"

"నాలాగే నిద్రపట్టనోడు ఎవడో ఒకడు ఉంటాడుగా."

తడిగుడ్డ బకెట్లో పడేసి వెళ్లి పడుకున్నాను.

ఆ మర్నాటి రాత్రి ఈల వినపడింది. చిన్నగా, ఊపిరంత. నేను ఉలిక్కిపడి లేచి వంటింట్లో తొంగి చూశాను. మరిది గుమ్మం మీద నిలబడి ఉన్నాడు, మెడలో ఈల తాడు. పెరట్లో గుండు పరుగు ఆపి, ఇదేంటా అని వాడి వైపు చూసి, ఉన్నచోటే కూర్చుని కానిచ్చేసింది. బిస్కెట్ ముక్క విసిరాడు.

"ఏంటీ యవ్వారం?" అన్నాను.

"ఈల వెయ్యందే ఏదీ మొదలవదు వదినా," అన్నాడు, సిగ్గుపడుతూ.

అన్నాళ్లుగా ఆ ఈల అలమరలో బట్టల అడుగున పడి ఉంది. దాన్ని మళ్లీ నోట పెట్టుకున్నాడని నాకు ఎంత సంతోషమైందో, అందులో తప్పేమైనా ఉందేమో ఆలోచించనే లేదు. తర్వాత ప్రతి రాత్రీ అంతే. మూలుగు, తలుపు, ఈల, బిస్కెట్. పది రోజులు తిరక్కుండా గుండు గడియారంలా తయారైంది. ఇల్లు పొడిగా ఉంది. మరిది గొప్పలు కూడా పోయాడు.

అప్పుడు ఒక పొద్దున్న కుక్కర్ కూసింది. గుండు నా కాళ్ల దగ్గర ఆడుకుంటున్నదల్లా ఆగి, తల పైకెత్తి, వంటింటి నడిమధ్య కూర్చుంది. రెండో కూతకు మిగిలింది కూడా వదిలింది. మూడో కూతకు చుక్కేమీ లేకపోయినా, కూర్చుని నా చేతి వైపు చూసింది బిస్కెట్ కోసం!

"పొగరు చూశావా దీనికి! నా మొహం మీదే!" అని అరిచాను.

ముందు గదిలోంచి మరిది వచ్చి, కుక్కర్నీ కుక్కనీ మార్చి మార్చి చూసి, తల పట్టుకున్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. ఈల అంటే పొయ్యమని అర్థం దానికి. ఎవరి ఈలైనా సరే.

ఆ రోజు నుంచి గిన్నెలోనే వండాను, విసుక్కుంటూ. కానీ గ్రౌండు నోరు ఎవరు మూస్తారు? వానలు తగ్గి ఆటలు మళ్లీ మొదలయ్యాయి. కొత్త రెఫరీకి ఈలంటే మహా సరదా. ఎవడైనా తుమ్మినా వేస్తాడు. అతను వేసినప్పుడల్లా మా ఇంట్లో ఒక మడుగు. ఒకటి నేరుగా నేను కుడుతున్న తెల్ల కర్టెను మీద. నా అరుపులకు పై అంతస్తులోని ఓనరమ్మ దిగి వచ్చింది. ఉబ్బిన చెక్కను చూసి ఒంటికాలి మీద లేచింది.

"అమ్మాయ్, ఆదివారం సాయంత్రం వచ్చి చూస్తాను. ఈ చెక్క మీద మళ్లీ తడి కనపడిందో, కుక్కన్నా పోవాలి, మీరన్నా పోవాలి."

ఆదివారం గ్రౌండులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా పోటీలు. ఎన్ని ఈలలు వేస్తారో దేవుడికే తెలియాలి. మా ఆయన తలవంచుకుని అన్నం తింటూ అన్నాడు, "ఆదివారం పొద్దున్నే దీన్ని మళ్లీ డెయిరీలో వదిలేస్తాలే."

గుండు మరిది పాదం మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. వాడు కాలు కదపకుండా, చల్లారిపోతున్న కంచం ముందు కూర్చున్నాడు. మళ్లీ ఆ సగం అన్నం. నాకు ఒళ్లు మండింది.

"ఈల విన్నా ఫరవాలేని చోటు ఒక్కటే ఉంది. ఈల వేసే చోటు. గడ్డి మీద ఎన్నిసార్లు పోసినా అడిగేవాడు లేడు," అన్నాను.

"వదినా..."

"నాకు కర్టెన్లు ఇవ్వాల్సి ఉంది, నేను పోను. మీ అన్నకి వ్యాను. ఈల నేర్పింది నువ్వు. ఆలోచించుకో."

మా ఆయన నా వైపు గుడ్లురిమాడు. ఉరిమితే ఉరమనీ.

ఆదివారం మా ఆయన వ్యానెక్కే వేళకు మరిది ట్రేకి అడ్డంగా కూర్చుని ఉన్నాడు. "ఉండనీ అన్నా," అన్నాడు. ఆయన ఒక్కడే వ్యానెక్కి వెళ్లిపోయాడు. ఎండ వచ్చాక మరిది గుండు మెడకు తాడు కట్టి, వీధి తలుపు తీసి, గుమ్మం మీద నిలబడ్డాడు. నేను మిషను తొక్కుతున్నట్టే ఉన్నాను గానీ సూదిలో దారం లేదు. గ్రౌండులో జనం పోగవుతున్నారు. వాడి పాదాలు గుమ్మం చెక్కకు మేకులు కొట్టినట్టు ఉన్నాయి. ఒకసారి వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. నేను తల ఎత్తలేదు.

అవతల ఈల మోగింది.

గుండు ఠక్కున కాళ్లు మడిచింది. "ఆగు ఆగు ఆగు!" అని అరుస్తూ మరిది దాన్ని రెండు చేతులా ఎత్తుకుని, చాచి పట్టుకుని, మెట్లు దిగి, రోడ్డు దాటి పరుగెత్తాడు. ఒక కాలికి చెప్పు లేదు. చొక్కా బొత్తాలు వంకర. గ్రౌండు అంచు చేరేసరికి చొక్కా ముందంతా తడిసిపోయింది.

కిటికీ రెక్క తోసి చూశాను. "గుడ్డి ఈల వచ్చాడ్రోయ్!" అని ఎవడో కేకేశాడు. మరిది ఆగిపోయాడు. ఇంత పనీ చేసింది నేనే అనుకున్నాను. ఇంతలో మళ్లీ ఈల. గుండు సరిగ్గా సున్నపు గీత మీద కూర్చుని, ఉన్నదంతా తీరిగ్గా వదిలి, ఎదురుగా ఉన్నవాళ్ల వైపు బిస్కెట్ కోసం చూసింది. గ్రౌండు గ్రౌండంతా పగలబడి నవ్వింది. వాళ్లు నవ్వింది కుక్కను చూసి. ఆ సంగతి మరిదికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత వాడు కూడా, తడిచొక్కాతో, గీత పక్కన గడ్డి మీద చతికిలబడ్డాడు.

సాయంత్రం దాకా రాలేదు. ఓనరమ్మ వచ్చి, వంగి వంగి చూసి, పొడి చెక్క తప్ప ఏమీ దొరక్క మూతి ముడుచుకుని వెళ్లింది. ఆ తర్వాత వచ్చాడు మరిది, మొహం ఎండకు కమిలిపోయి.

"ఆ కొత్తోడు ఊరికే వేస్తాడు వదినా ఈల. ఆడనివ్వడు. ఆ పెనాల్టీ ఆపలేకపోయిన గోల్‌కీపర్ లేడూ, అతనే గుండుకి నీళ్లు పట్టాడు. వచ్చే వారం రెఫరీగా నువ్వుంటావా అని అడిగాడు."

"ఏమన్నావ్?"

"ఆకలేస్తోంది," అన్నాడు.

కంచం ఖాళీ చేశాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. మంచం మీద వాలినవాడు వాలినట్టే ఉన్నాడు.

ఆ రాత్రి గుండు మూలిగింది. ఎవరూ లేవలేదు. మళ్లీ మూలిగింది. నేను వెళ్లి చూస్తే మరిది నోరు తెరుచుకుని గురకపెడుతున్నాడు. ఎన్ని నెలలకు విన్నాను ఆ గురక! ఈల తాడు మెడలోనే ఉంది, ఈల గుప్పిట్లో బిగించి ఉంది. లాగితే లేస్తాడు. వాడి గుప్పిట దాకా వెళ్లిన నా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

గుండును పెరట్లోకి తీసుకెళ్లాను. మెట్లు దిగి పక్కనే నిలబడ్డాను. "కానీ," అన్నాను. అది నా మూతి వైపు చూసింది. పెదాలు సున్నాలా చుట్టి ఊదాను, గాలి తప్ప ఏమీ రాలేదు. బతిమాలాను, తిట్టాను. అది నాలుగు కాళ్లూ దగ్గరికి చేర్చుకుని వణుకుతూ, ఆపుకుంటూ, నియమం తప్పకుండా నిలబడింది. ఇలాంటి మొండిది నాకే దొరకాలా!

వంటింటి నుంచి ముందు గదికి వెళ్లే తలుపులు రెండూ గట్టిగా వేసి వచ్చాను. కుక్కర్లో ఇన్ని నీళ్లు పోసి, మూత బిగించి, పెద్ద మంట పెట్టి, పెరట్లో కుక్కపిల్ల పక్కన నిలబడ్డాను. చుట్టూ చీకటి కిటికీలు. చూసేవాళ్లు చూడనీ అనుకున్నాను. ఎంతకీ ఆవిరి రాదు. చివరికి కూసింది. గుండు అక్కడికక్కడే కూలబడి, ఉన్నదంతా వదిలేస్తూ కళ్లు మూసుకుంది.

పైన దీపం వెలిగింది. ఓనరమ్మ తల బయటపెట్టింది.

"ఏంటమ్మాయ్ ఇది! అర్ధరాత్రి వంటేంటి? మీ ఇంట్లో ఎవరికీ నిద్రల్లేవా?"

"కాస్త మెల్లిగా అరవండి!" అన్నాను పైకి చూస్తూ. "మా మరిది నిద్రపోతున్నాడు."